సంతోషి మధ్యాహ్నపు గోలి

ఏ పనైనా ఎందుకు చేస్తున్నామో తెలియనిదే సంతోషికి తోచదు. పుట్టింది పుట్టపాకలో, నేతగాళ్ల ఇంట్లో. కర్మన్‌ఘాట్‌లో ఉంటూ ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లోని చీరల దుకాణంలో పనిచేస్తోంది.

బరువు తగ్గాలని వేసవి నుంచి రాత్రి ఎనిమిది దాటితే మర్నాడు మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తప్ప ముట్టడం లేదు. రెండు నెలలు హాయిగానే గడిచాయి. మోకాళ్ల నొప్పికని దవాఖానకు వెళ్తే, డి విటమిన్ తక్కువుందని డాక్టరు వారానికో క్యాప్సూల్, రోజుకో మల్టీవిటమిన్ గోలి రాశాడు. వాటిని పొద్దున్నే నీళ్లతో మింగేది.

వారం తిరక్కుండానే, పెళ్లివాళ్లకు చీర విప్పి చూపిస్తూ కడుపులో తిప్పి దుకాణం వెనక్కి పరుగెత్తింది.

"ఉపాసం ఇడిసిపెట్టు అక్కా" అంది తోటి పనామె లచ్చమ్మ.

"ఉపాసమో, గోలీయో ముందు తెల్వనియ్" అంది సంతోషి.

రెండు రోజులు మల్టీవిటమిన్ గోలి ఆపింది. ఉపవాసం ఉన్నా, అందులో ఒకరోజు వారపు డి క్యాప్సూల్ మింగినా ఏమీ కాలేదు. మూడోరోజు వేసుకుంటే మళ్లీ తిప్పింది. సాయంత్రం ఇంటి దారిలో మందుల షాపు శ్రీరామమూర్తిని అడిగింది. ఆయనది తెనాలి.

"ఖాళీ కడుపున వేసుకుంటున్నారా అమ్మా? అందులో ఐరన్, జింకు ఉంటాయి. కొందరికి పడవు. భోజనం చేశాక వేసుకోండి."

"మరి డి గోలికి ఏం కాలేదు గద సార్?"

"దానికి తిప్పదు గానీ, అది కొవ్వులో కరిగేది. కాస్త నెయ్యో నూనో ఉన్న భోజనంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది."

సంతోషి కళ్లు మెరిశాయి. "మా నాయనమ్మ మా ఊళ్లె నేసే తేలియా రుమాళ్ల నూలును దినాలకు దినాలు నూనెల నానబెడుతుండె సార్. లేకుంటే ఎర్రరంగు పట్టదట!"

"అవునా! ఏ నూనె?" అన్నాడాయన, ఎదురుచూస్తున్న ఇద్దరు కొనుగోలుదారులనూ మరిచిపోయి.

మర్నాటి నుంచి గోలీ, వారపు క్యాప్సూలూ మధ్యాహ్నం పప్పన్నం, నెయ్యి తిన్నాక వేసుకుంది. కడుపు తిప్పలేదు, ఉపవాసమూ ఆగలేదు. మూడు నెలలకు పరీక్ష చేయిస్తే పదకొండున్న డి విటమిన్ ఇరవై తొమ్మిదికి చేరింది.

"అన్నంతోని మింగినందుకేనా సార్? ఉత్తగ మింగినా గింత పెరుగుతుండెనా?" అని డాక్టరును అడిగింది.

ఆయన నవ్వాడు. "మీ ఒక్కరినే చూసి చెప్పలేనమ్మా. అన్నంతో మింగేవాళ్లను కొందరిని, ఖాళీ కడుపున మింగేవాళ్లను కొందరిని పెట్టి చూడాలి."

"ఎంతమందిని పెట్టాలె సార్?" అంది సంతోషి, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.