మేస్త్రి తడిపిన గాజు గొట్టాలు

1992 ఏప్రిల్‌లో నన్ను సిద్దిపేటకు పంపారు. అప్పుడు నేను హైదరాబాద్‌లోని ఒక పరిశోధనశాలలో, కట్టడ సామగ్రి విభాగంలో జూనియర్ సైంటిస్టుని. గట్టిపడుతున్న సిమెంటులో నీరు ఏమవుతుందో అయస్కాంత అనునాదంతో చూడడం నా పని. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో కలిసి గట్టిపడుతుంది. కొంత నీరు ఆ రాయిలోనే భాగమైపోతుంది. నమూనాను బలమైన అయస్కాంతం మధ్య పెట్టి రేడియో తరంగం పంపితే, నీటిలోని హైడ్రోజన్ తిరిగి సంకేతం ఇస్తుంది. స్వేచ్ఛగా ఉన్న నీటి సంకేతం నిదానంగా తగ్గుతుంది, రాయిలో ఇరుక్కున్న నీటిది చటుక్కున ఆగిపోతుంది. ఆ తేడాను బట్టి ఏ నీరు ఎంతుందో లెక్కగడతాం.

ఆ యంత్రం రసాయన విభాగం వారిది. వాళ్ల పని అయ్యాక, వాళ్ల మనసు బాగుంటే మాకిచ్చేవారు. అందులో పట్టేది వేలెడంత గాజు గొట్టం మాత్రమే. మామూలు సిమెంటులో ఉండే ఇనుము సంకేతాన్ని పాడుచేస్తుంది కనుక ఆ గొట్టాల్లో తెల్ల సిమెంటు ముద్ద నింపేవాళ్లం. నిజమైన స్లాబు మీద, మండే ఎండలో ఈ గొట్టాలు ఉంచితే ఎంత నీరు పోతుందో తేల్చమని మా విభాగాధిపతి ఆజ్ఞ. మా స్టోర్‌కీపర్ అక్క సుశీలమ్మ అప్పుడే సిద్దిపేటలో ఇల్లు కడుతోంది. అలా దొరికింది మాకు స్లాబు.

సుశీలమ్మ, ఆమె భర్త బజార్లో స్టీలు సామాన్ల దుకాణం నడిపేవారు. పెళ్లయినప్పటి నుంచీ కిరాయి ఇళ్లే. ఆ స్లాబు చెడితే మళ్లీ పోయించే శక్తి వాళ్లకు లేదు.

స్లాబు పోసిన మర్నాడు నేను వెళ్లేసరికి గొడవ నడుస్తోంది. కొత్త స్లాబు మీద మట్టి కట్టలు కట్టి, ఆ మడుల్లో రోజూ నీళ్లు నిలపాలి. దాన్నే క్యూరింగ్ అంటారు. పని గుత్తకు తీసుకున్న నర్సింలు మేస్త్రి మడులైతే కట్టించాడు గానీ నీళ్లు నింపడం లేదు. వచ్చిన ట్యాంకరులో సగం వెనక వీధిలోని అతని ఇంకో పనికి పోతోందని సుశీలమ్మ అనుమానం. గట్టిపడ్డ స్లాబుకు నీళ్లెందుకని మేస్త్రి వాదన.

నేను స్లాబు అంచున చెక్క స్టాండులో గొట్టాలు నిలబెడుతుంటే అవేమిటని ఆమె అడిగింది. నాకు తెలిసినంతా చెప్పాను. ఆమె తనకు కావలసినంత తీసుకుని మేస్త్రి వైపు తిరిగింది.

"గీ గొట్టాలు పట్నం పోతయి. ఆడ మిషిన్ల పెడితె నువ్వు ఏ పూట నీళ్లు పోసినవో, ఏ పూట ఎగ్గొట్టినవో అంత చెప్తది."

అంత ముచ్చట మా యంత్రానికి చేతకాదు. అయినా నేను గంభీరంగా తలూపాను. మేస్త్రి గొట్టాల వంక పోలీసును చూసినట్టు చూశాడు. వాటిని కాచే పని, సగం ముందుగా పంపే పని అతనికే అప్పగించి నేను హైదరాబాద్ తిరిగొచ్చాను.

కొన్నాళ్లకు సరుకు కొనడానికి నగరానికి వచ్చిన సుశీలమ్మ భర్త, మేస్త్రి బిరడాలు బిగించి ఇచ్చిన సగం గొట్టాలను మా ల్యాబులో అందజేశాడు. కొలిచి చూస్తే, సిద్దిపేట ఎండలో నిలబడ్డ సిమెంటు పోల్చుకోవడానికి మా ల్యాబులో నీళ్లలో ముంచి ఉంచిన సిమెంటుకన్నా ఆరోగ్యంగా ఉంది. మా విభాగాధిపతి ఆనందం పట్టలేక పరిశోధన పత్రానికి పేరు కూడా ఆలోచించేశారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మర్నాడే బస్సెక్కాను.

నిచ్చెనెక్కి చూస్తే మడులు బోసిగా ఉన్నాయి. మట్టి కట్టలు బీటలు వారాయి. స్లాబు మూలన వెంట్రుకవాసి పగులు. గొట్టాలు మాత్రం లేవు. మేస్త్రి నన్ను గర్వంగా సిమెంటు బస్తాల షెడ్డులోకి తీసుకెళ్లాడు. అక్కడ నీడలో, బకెట్టు నీళ్లలో, పైన తడి గోనెసంచితో కొలువుదీరి ఉన్నాయి గొట్టాలు. కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరగదు.

"గొట్టాలకు ఏం తక్కువ చెయ్యలె మేడం. పొద్దుమాపు తడుపుతనే ఉన్న," అన్నాడు.

మరి స్లాబు సంగతేమిటని అడిగాను.

"మీరు పట్నం పట్టుకపొయ్యేది గొట్టాలు గదా."

నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. కానీ తిరిగి స్లాబెక్కితే, యంత్రాన్ని నమ్మి ఇన్నాళ్లూ పైకి రాని సుశీలమ్మ పగులు మీద వేలు పెట్టి కూర్చుని ఉంది.

"గిది పెద్దగైతదా మేడం?" అంది.

ఆమెను చూస్తే నా నవ్వు ఆగిపోయింది. పగులు ఇంకా పైపైనే ఉందని, ఇప్పటి నుంచైనా నీళ్లు నిలిపితే పెరగకపోవచ్చని ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత నా సంచిలోని గొట్టాలన్నీ తీసి, తెల్ల సిమెంటు నింపి, నంబర్లు వేసి, మడికొకటి చొప్పున, నీళ్లు నింపితే మూతి మాత్రమే పైకి ఉండేలా నిలబెట్టాను. వీటిలో ఏది పట్టుకెళ్తానో నాకే తెలియదని, ఏ మడి ఎండినా యంత్రం పట్టేస్తుందని మేస్త్రికి చెప్పాను. ఎండిన మడిని పట్టడానికి యంత్రమెందుకు, కళ్లుంటే చాలు. ఆ మాట నాలోనే ఉంచుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి ట్యాంకరు నీళ్లన్నీ స్లాబుకే వచ్చాయి. పగులు పెరగలేదు. మొదటి వానకు చుక్క కూడా కారలేదని సుశీలమ్మ తమ్ముడి చేత కబురు పంపింది. ఎండలో ఉండాల్సినవి నీళ్లలో నానడంతో ఆ గొట్టాలు మాత్రం పరిశోధనకు కొరగాలేదు. మా విభాగాధిపతి చాలాకాలం నాతో ముభావంగా ఉన్నారు.

మరుసటి ఏడు నర్సింలు మేస్త్రి మా ల్యాబు గేటు దగ్గర కనిపించాడు.

"మేడం, గా గొట్టాలేమన్న మిగిలినయా? రాయపోల్‌ల నా ఇంటికి స్లాబు పోసిన. నేను లేకుంటె పనోళ్లు నీళ్లు పోస్తలేరు."

డజను ఖాళీ గొట్టాలు, నంబర్లు వేసి మరీ ఇచ్చాను.

ఏ నమూనా కొలుస్తామో దాన్ని కాచే మనిషికి ముందుగా చెప్పకూడదని ఆ వేసవిలో నేర్చుకున్నాను. ఉద్యోగం ఉన్నంతకాలం పాటించాను. అయస్కాంతానికి తెలిసేది గొట్టంలోని నీరు మాత్రమే. స్లాబు సంగతి ఎవరో ఒకరు నిచ్చెనెక్కి చూసుకోవాలి.