తిప్పయ్య దాచిపెట్టిన కూత

మల్లీశ్వరికి కలలోనూ లినక్సే వచ్చేది. నవ్వకండి, తనే చెప్పింది. "నల్ల తెర మీద తెల్లక్షరాలు వాన మాదిరి పడతాంటాయి అక్కా" అనేది. కరువు ఊరు బెళుగుప్పలో పుట్టిన పిల్లకు కలలోనైనా వాన పడనీలే అనుకునేదాన్ని.

రెండువేల ఎనిమిదిలో మా స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో తను సర్వరు చూసుకునేది, నేను లెక్కలు చూసేదాన్ని. ఊళ్లో ముసలమ్మల కథలు, కాపరుల పాటలు రికార్డు చేసి ఆ సర్వరులో దాచేవాళ్లం. దానికి సొంత ఒళ్లంటూ లేదు. మూలనున్న పెద్ద కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరు ఉన్నట్టు నడిచేది. నాకు బుర్రకెక్కలేదంటే మల్లీశ్వరి నవ్వింది.

"అమ్మవారు పూనినట్ల అనుకోక్కా. ఒళ్లు ఎవురిదైతేనేం, పలికేది ఆయమ్మే."

ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ సర్వరును కాసేపు ఆపేది. మొత్తాన్నీ ఒకే పెద్ద ఫైలుగా అరచేతిలో పట్టే డిస్కులోకి ఎక్కించి, వాళ్లమ్మ పాత చీర ముక్కలో చుట్టి ఇంటికి తీసుకుపోయేది. ఎవరైనా ఎగతాళి చేస్తే, "విత్తనమంతా ఒగే ఇంట్లో పెడతారా యాడైనా?" అని మీదికొచ్చేది.

దసరా ముందు శుక్రవారం తిప్పయ్య వచ్చాడు. గొర్రెల కాపరి. అతను కూస్తే గుట్ట అవతలి మంద కూడా తిరిగొస్తుందని పేరు. గొంతులో గడ్డ లేచింది. మర్నాడు అనంతపురంలో ఆపరేషను, ఆ తర్వాత ఇక మాట రాదని డాక్టర్లు చెప్పేశారు. భార్య ఆంజినమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పక్కనే నిలబడింది.

"నా కూత నీ కాడ పెట్టుకో పాపా. తిరిగొచ్చినాక ఇయ్యి. ఇంగొకరు పిలిస్తే నా గొర్రెలు రావు" అన్నాడు.

రికార్డరు ముందు నిలబడి కూశాడు. ఆ కూత ఎట్లాంటిదో ఎట్లా చెప్పను? ఉక్కపోసే మధ్యాహ్నం ఉన్నట్టుండి చల్లగాలి లేచినట్టుంది. ఆఫీసులో అందరం పని ఆపేశాం.

పండగొచ్చింది. ఆయుధపూజ రోజు మేనేజరు రామప్ప సారు భక్తి పొంగి, కంప్యూటర్లన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టాడు. అంతటితో ఊరుకుంటే ఆయన రామప్ప ఎందుకవుతాడు! నడుస్తున్న పెద్ద కంప్యూటరు నెత్తిన టెంకాయ కొట్టాడు. నీళ్లన్నీ పైనున్న చిల్లుల్లోంచి లోపలికి దిగాయి. టప్పుమంది, పొగ లేచింది.

"ఏమప్పా, శకునం మంచిదేనా?" అన్నాడు సారు.

నాకు ఒళ్లు మండింది. "శకునం కాదు సార్, శ్రాద్ధం!" అనేశాను.

మల్లీశ్వరి మొహం పాలిపోయింది. "ఆ పొద్దు తిప్పయ్యన్న కూత ముందే సర్వరులోకి ఎక్కించినానా, నకలు తీసినాక ఎక్కించినానా? గ్యాపకం రాలేదక్కా." రికార్డరులోది చెరిపేసి, అక్కడి పాటలు ఎక్కించుకు రమ్మని దాన్ని కణేకల్ పంపేశాం. ఇప్పుడు ఆ డిస్కులో కూత లేకపోతే ఇక భూమ్మీదే లేదు.

ఇద్దరం మల్లీశ్వరి ఇంటికి పరుగెత్తాం. వాళ్లమ్మ నల్లమ్మ దేవుని గూట్లోంచి డిస్కు తీసిచ్చింది. దానికీ నిండా కుంకుమే!

"నీ ఆయుధం ఇదే గదా పాపా" అందామె.

"నీళ్లు చల్లినావామ్మా?" ఏడుపు గొంతుతో అడిగింది మల్లీశ్వరి.

"లేదులే, బొట్టే పెట్టినా."

డిస్కుతో ఆఫీసుకు తిరిగొచ్చాం. సర్వరుకు ఇంకో ఒళ్లు కావాలి కదా, నా లెక్కల కంప్యూటరే దొరికింది. తీసుకో తల్లీ అన్నాను. డిస్కుకు తీగ గుచ్చే సందులో కుంకుమ చేరి మొదట పలకలేదు. మెత్తటి గుడ్డతో తుడిచి గుచ్చితే పలికింది. ఆ పెద్ద ఫైలు నా కంప్యూటరులోకి దిగేసరికి పొద్దు వాలింది. కిటికీలోంచి ఎర్రటి ఎండ, ఎర్రటి దుమ్ము వస్తున్నాయి. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. అప్పుడు నల్ల తెర మీద తెల్లక్షరాలు జలజలా రాలడం మొదలైంది. ఆ పిల్ల కలలో పడే వాన ఇదేనన్నమాట.

సర్వరు నిద్ర లేచింది. టెంకాయా తెలియదు, పొగా తెలియదు. దానికింకా పోయిన శుక్రవారమే. ఆ శుక్రవారంలో తిప్పయ్యకు ఇంకా గొంతుంది. మల్లీశ్వరి ఒక్కో పేరూ చూసుకుంటూ కిందికి పోయింది. అన్నిటికన్నా చివర తిప్పయ్య పేరుంది. దాన్ని నొక్కింది. గదంతా కూత లేచింది. ఆ పిల్ల బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది!

నెల తిరక్కముందే తిప్పయ్య వచ్చాడు, మెడకు గుడ్డ చుట్టుకుని. మాట్లాడలేక ఉత్త చెయ్యి చాచాడు. మల్లీశ్వరి కూతను ఆంజినమ్మ సెల్లులోకి ఎక్కించి ఇచ్చింది. మీరూ రండి అన్నట్టు తిప్పయ్య సైగ చేస్తే ఇద్దరం వెంట నడిచాం.

శెనక్కాయ పీకేసిన చేలల్లో మంద చెదిరి మేస్తోంది. "నేను పిలిస్తే ఒగటీ తలెత్తదక్కా" అంటూ ఆంజినమ్మ ముందుకు పోయి సెల్లు పైకెత్తి పట్టుకుంది. ఇంత చిన్న చప్పుడు గాలికి కొట్టుకుపోదా అని నా బెంగ. ముందు ఒక పొట్టేలు తలెత్తింది. ఆ తర్వాత మందంతా కదిలింది.

తిప్పయ్య అలవాటు కొద్దీ మెడ చాచి, నోరు తెరిచి తనూ కూశాడు. చప్పుడు రాలేదు. గొర్రెలు సెల్లు పట్టుకున్న ఆంజినమ్మను దాటుకుని, ఆయన దగ్గరికే వచ్చి నిలబడ్డాయి.