గంజి పెట్టిన రెక్క

ఈ కాలపు పిల్లలు నెత్తి మీంచి విమానం వెళ్తున్నా ఫోనులోంచి తలెత్తరు గానీ, నా పెళ్ళికి ముందు మా బండారులంకలో ఆ చప్పుడు వినబడితే చాలు, వీధి మొత్తం మగ్గాలు ఆగిపోయేవండీ. మగ్గం గుంటల్లోంచి కాళ్ళు పైకి లాక్కుని, దారాన్ని అటూ ఇటూ నడిపే నాడెలు అక్కడే వదిలేసి, పెద్దా చిన్నా అరుగుల మీదకి వచ్చేసేవాళ్ళం. కొబ్బరాకుల సందుల్లోంచి ఆ వెండి చుక్క కనబడేదాకా మెడలు సాగదీసి చూసేవాళ్ళం. కనబడ్డాక దండం పెట్టేవాళ్ళు కూడా ఉండేవారు (నేను పెట్టేదాన్ని. లోపల కూర్చున్నవాళ్ళు క్షేమంగా దిగాలని). అలాంటి ఊళ్ళో, ఓ పాత విమానం కొనుక్కోవడం క్షేమమా కాదా అని తేల్చి చెప్పే బాధ్యత పంతొమ్మిదేళ్ళ నా మీద పడిందంటే మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. పెళ్ళైన కొత్తలో మా ఆయనా నమ్మలేదు.

దీనికంతటికీ కారణం మా బాబాయి. నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడు. మగ్గం మీద కూర్చోబెడితే కునుకు తీసేవారట గానీ, ఏ ఇంజనైనా ఎదురుగా పెడితే అన్నం సంగతి కూడా గుర్తుండేది కాదట. కువైట్‌లో ఏడేళ్ళు డీజిలు మెకానిక్కుగా చేసి ఇంటికొచ్చేసేరు. అక్కడ సెలవు రోజుల్లో, ఎడారిలో ఎవరో సరదాకి ఎగరేసుకునే బుల్లి విమానాలకి ఇంజన్లు తుడిచి పెట్టేవారట. అల్ట్రాలైటు అంటారు వాటిని. ఇద్దరు పడతారు. అల్యూమినియం గొట్టాలు, వాటికి దిండుకి గలీబు తొడిగినట్టు తొడిగిన గుడ్డ రెక్కలు, వెనకాల స్కూటరు ఇంజనుకి పెద్దన్నలాంటి ఇంజను ఒకటి, అంతే. అలాంటి పాతదొకటి రాజోలు అవతల ఓ రొయ్యల చెరువుల ఆసామి దగ్గర అమ్మకానికుందని ఎవరో చెప్పేరు. ఆనాటి నుంచి బాబాయికి నేల మీద కాలు నిలవలేదు. దాన్ని బాగుచేసి, నేర్చుకుని, అంతర్వేది దగ్గర గోదారి సముద్రంలో కలిసే చోటుని జనానికి పైనుంచి చూపిస్తారట. ప్రభుత్వం వారి అనుమతులదీ చదువుదీ పెద్ద తతంగమేరా అని నాన్న అంటే, "అవన్నీ నేను చూసుకుంటానన్నయ్యా, ముందు వస్తువు మంచిదో కాదో తేలనీ" అన్నారు.

పిన్ని మాత్రం అరుగు మీద బియ్యం ఏరుతూ, ఎవరితోనూ కాకుండా చేటతో చెప్పింది. "ఏడేళ్ళు ఆయన కువైట్‌లో ఉంటే నేల మీద ఒక్కదాన్నీ ఉన్నాను. ఇప్పుడొచ్చి గాల్లో ఉంటానంటే నేనెవరితో చెప్పుకోను?"

ఇందులో నా ప్రమేయం ఏమిటంటే, ఆ విమానం కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చిన్నప్పుడు ఆయాసం వల్ల నేను బడికి వెళ్ళలేదండీ. నాన్నే మగ్గం పక్కన పీట వేసి కూర్చోబెట్టి, నాడె ఇటు వచ్చినప్పుడు ఒక మాట, అటు వెళ్ళినప్పుడు ఒక మాట చొప్పున నాకు చదువు చెప్పేరు. అట్టలూడిన నిఘంటువొకటి మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉండేది. ఆ చదువు ఇచ్చిన నాన్నకీ, ఇప్పించిన ఆయాసానికీ నేను రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను. నాన్న నన్ను పక్కకి పిలిచి, "నేను వద్దంటే వాడు తప్పకుండా కొంటాడమ్మా. తమ్ముడు కదా. నువ్వు చదివి చెప్పు. భయాలన్నీ ఓ వైపు, ధైర్యాలన్నీ ఓ వైపు రాయి. ఏ వైపు బరువైతే అది చెప్పెయ్యి" అన్నారు. బాబాయి కూడా దేవుడి గదిలో నా ఎదురుగా, "నువ్వు వద్దంటే మానేస్తానమ్మా, ఒట్టు" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. "కొనొచ్చంటే మాత్రం మొదటిసారి పక్క సీట్లో కూర్చునేది నువ్వే. అంతర్వేది గోపురం పైనుంచి చూద్దువుగాని" అని కూడా అనేసేరు. న్యాయం చెప్పాల్సిన మనిషికి ఇంతకంటే పెద్ద లంచం ఉంటుందా చెప్పండి.

ఆ ఆసామి చాలా మర్యాదస్థుడు. మేతబస్తాల షెడ్డులో, బస్తాల మధ్య ఆ విమానం ముక్కు మాత్రం బయటికి పెట్టి, దాగుడుమూతలాడుతున్నట్టు ఉంది. "పక్షులు రొయ్యల్ని ఎత్తుకుపోతున్నాయని, తోలడానికి కొన్నానండి," అన్నారాయన. "నాలుగు రోజులు జడిసేయండి. అయిదో రోజు నుంచి దీని వెనకాలే వరసకట్టి ఎగరడం మొదలెట్టేయి. ఇక లాభం లేదని ఇలా పెట్టేసేనండి."

"ఎన్నాళ్ళయిందండీ?" అన్నాను, అది ఎగిరిన గంటలు రాసే పుస్తకం తెరిచి.

"ఆయ్, ఆరేళ్ళవుతుందమ్మా."

పుస్తకంలోనూ అలాగే ఉంది. ముందటి యజమాని ఎగరేసినవీ కలిపి రెండు వందల చిల్లర గంటలు ఎగిరినట్టు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఆ తర్వాత అన్నీ ఖాళీ పేజీలు. బోల్టుల చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది. సముద్రం గాలి కదండీ. నేను అది చూపిస్తే బాబాయి తువ్వాలుతో తుడిచేసి, "చూసేవా, పోయింది" అన్నారు. ఖాళీ పేజీలు చూపిస్తే, "వాడకపోతే అరగదు కదమ్మా, కొత్తదాంతో సమానం" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. నా నోటుపుస్తకంలో ధైర్యం వైపు రాసేసేను.

ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. భయం వైపు మొదటి లైను ఇది: ఇంజను ఆగిపోతే దిగడానికి చోటు. దాని కింద: కొబ్బరితోట, కాలవ, వరిచేను, మళ్ళీ కొబ్బరితోట. "కోతలయ్యేక చేలన్నీ ఖాళీయేగా" అన్నారు బాబాయి. "కోతలకి ముందు ఆగితేనో?" అంటే, "ఆగదు" అన్నారు. ఆ జవాబు ఏ వైపు రాయాలో తెలియక మధ్యలో రాసేను. గోపురాన్ని పైనుంచి చూస్తే తప్పేమోనన్న భయం కూడా ఒకటుండేది నాకు. అమ్మనడిగితే, "పక్షులు చూడట్లేదూ?" అంది. అది కూడా ధైర్యం వైపే వెళ్ళింది. ఇలా ఏదో ఒక వంకతో అన్నీ అటే వెళ్తున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసీ రాసేను. ఇక మిగిలింది రెక్కలొక్కటే.

"గుడ్డ కాస్త వదులైందండి. మీరు గుడ్డ తెలిసినవాళ్ళు, ఇంటికి పట్టుకెళ్ళి నిదానంగా చూసుకోండి," అని ఆసామి రెక్కలు రెండూ విప్పించి ట్రాక్టరు మీద పంపేరు. అవి మా వీధిలోకి వస్తుంటే మళ్ళీ మగ్గాలన్నీ ఆగేయి. పెరట్లో బల్లల మీద పడుకోబెట్టేం. నిజమే, గుడ్డ వాడిపోయిన అరిటాకులా కిందికి దిగిపోయి ఉంది. బాబాయి దాన్ని చూసి, బోల్టులు తెస్తానని అమలాపురం వెళ్ళిపోయేరు. ఆయన భుజాలు అంత దిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. గురువారం సాయంత్రానికి ఆసామికి ఏదో ఒక మాట చెప్పాలి.

ఇక్కడ మా చేతుల సంగతి మీకు చెప్పాలి. నేతవాళ్ళం పడుగు దారాలకి గంజి పట్టించి, వీధి పొడుగునా చాపి, కుంచెతో దువ్వి, ఆరబెట్టిగానీ మగ్గమెక్కించం. ఆ గంజి వాసనలోనే పుట్టి పెరిగినవాళ్ళం. మెత్తబడిన గుడ్డ ఏది కనబడ్డా గంజి పెట్టాలనిపించడం మాకున్న జబ్బు. నేను వంటింట్లోకి వెళ్ళి చిక్కగా గంజి కాచి, చిటికెడు ఉప్పేసి, కుంచె పట్టుకుని రెక్క దగ్గర నించున్నాను. వెనకాల పిన్ని వచ్చింది. ఆవిడకి ఆ విమానం పేరెత్తితేనే ఒళ్ళుమంట. కాసేపు చూసి, "ఆ విమానం సంగతి నాకనవసరం. గుడ్డ మాత్రం అలా వేలాడుతుంటే చూళ్ళేను" అని రెండో కుంచె అందుకుంది. ఇద్దరం కలిసి రెండు రెక్కలకీ పట్టించేం. మిట్టమధ్యాహ్నం ఎండకి అవి బిగిసి, ఫెళఫెళలాడిపోయేయి. బాబాయి వచ్చి వేలితో కొడితే డప్పులా మోగింది. "ఇదేవిటమ్మా, కొత్తదైపోయింది!" అని ఆయన మొహం వెలిగిపోయింది. ఎండకి బిగిసిందనుకున్నారు పాపం. నేను గంజి మాట చెప్పలేదు. నోటుపుస్తకంలో ధైర్యం వైపు "రెక్కలు బిగువుగా ఉన్నాయి" అని రాసి, "కొనొచ్చు బాబాయ్" అన్నాను.

గురువారం పొద్దున్న తాతయ్య ఆలమూరులో మా అత్తయ్యగారింటి నుంచి వచ్చేరు. ఆయన కళ్ళు అప్పటికే సరిగా కనబడేవి కాదు గానీ, గుడ్డని బొటనవేలితో రుద్ది ఎవరి మగ్గం మీదదో చెప్పేసేవారు. కాళ్ళు కడుక్కుని పెరట్లోకి వచ్చి, కళ్ళు చికిలించి చూసి, "అదేవిటే అమ్మడూ, దూడ ఏదో తింటోంది?" అన్నారు.

చూద్దును గదా, మా దూడ రెక్క చివర నించుని, కళ్ళు అరమోడ్చి, ఉప్పుగంజిని హాయిగా నాకుతోంది. నాకిన మేర గుడ్డ మళ్ళీ వాడిపోయి వేలాడుతోంది. బాబాయి హడావిడిగా దూడని లాగేరు. తాతయ్య వచ్చి ఆ తడిచోట బొటనవేలు ఆనించేరు. తర్వాత పొడిచోట. మళ్ళీ తడిచోట.

"ఎవరే గంజి పట్టించింది?"

పిన్ని నూతి గిలక వైపు చూడసాగింది. నాకు అంతర్వేది గోపురం, దాని పక్కన సముద్రం, గాలిలో ఎగురుతున్న నా ఓణీ, అన్నీ ఒక్కసారి కనబడ్డాయి. మాట్లాడకపోతే అవన్నీ నావే. ఇంతలో బాబాయి మెడ మీద కొత్త బోల్టులకి నూనె రాసినప్పటి మరక కనబడింది. ఆ మనిషి దీంట్లోనే కదా కూర్చునేది అనిపించింది.

"నేనే తాతయ్యా. మెత్తబడిందని..."

"మెత్తబడలేదమ్మా. చచ్చిపోయింది."

"మామూలు గుడ్డ కాదు నాన్నా, ఫారిన్‌ది," అన్నారు బాబాయి.

"ఫారిన్‌దైతే మాత్రం ఎండకీ ఉప్పుగాలికీ చివకదా?" అని తాతయ్య బొటనవేలు కాస్త నొక్కేరు. పెద్ద బలమేం పెట్టలేదు. టప్‌మని వేలు అవతలికి వెళ్ళిపోయింది. ఆ కన్నంలోంచి కింద పడి ఉన్న గడ్డిపరక కనబడింది.

"ఆరేళ్ళు వాడకుండా దాచేరు నాన్నా," అన్నారు బాబాయి నెమ్మదిగా.

"దాచిన పట్టుచీరలు చూళ్ళేదూ? మడత మడతకీ చిరిగుంటాయి. కట్టే చీరైతే ఎక్కడ పోయిందో ముందే కనబడుతుంది. దాచిన చీర కట్టుకున్న రోజునే తెలుస్తుంది. చీరైతే ఇంట్లోకి పరిగెడతాం. పైన ఎక్కడికి పరిగెడతావురా?"

బాబాయి నా వైపు చూసేరు. కోపంగా కాదు. "కొనొచ్చన్నావు కదమ్మా" అన్నారంతే. నేను ఏడ్చేసేను. ఏడుస్తూనే నోటుపుస్తకం తెచ్చి, ఆయన ఎదురుగా రెక్కల లైను కొట్టేసి, భయం వైపు రాసేను. పనిలో పని వాడకపోతే అరగదన్న లైనూ, వంకలతో అటు పంపిన మిగతావీ కూడా. అప్పుడు చూస్తే అటు వైపు పేజీ చాల్లేదు.

బాబాయి అంత తేలిగ్గా ఊరుకునే మనిషి కాదు. "పోనీ, కొత్త గుడ్డ మనమే నేసేస్తే?" అన్నారు. తాతయ్య ఆలోచనలో పడ్డారు. నిజంగా పడ్డారండీ! "ఎంత పన్నా కావాలి?" అని కూడా అడిగేరు. పిన్ని గిలక దగ్గర్నుంచి "మావయ్యగారూ!" అని ఒక్క అరుపు అరిచింది. తాతయ్య తేరుకుని, "ఒద్దురా. నేను నేసిన గుడ్డ మీద నువ్వు పైనుంటే, కింద నా చెయ్యి మగ్గం మీద ఆడదు" అన్నారు. బాబాయి గోడకానుకుని కూర్చుని చాలాసేపు ఆ బోల్టుల పొట్లం తిప్పుతూ ఉండిపోయేరు. పిన్ని మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, తనూ అక్కడే కూర్చుంది.

సాయంత్రం రెక్కలు వెనక్కి తీసుకెళ్ళేం, తాతయ్యతో సహా. కన్నం చూసి ఆసామి తగువుకొస్తారని దారంతా స్తోత్రం చదువుకుంటూనే ఉన్నాను. ఆయన కన్నం దగ్గర తన బొటనవేలు పెట్టి నొక్కేరు. వెళ్ళిపోయింది. ఇంకోచోట నొక్కేరు. అక్కడా వెళ్ళింది. అలా నాలుగైదు కన్నాలు చేసి, మేతబస్తా మీద కూలబడిపోయేరు. "చివరిసారి ఎగిరినప్పుడు మా అమ్మాయిని ఎక్కించుకున్నానండి" అన్నారు. లేచి తాతయ్యకి రెండు చేతులూ జోడించేరు. తర్వాత బాబాయి చేతులకంటిన నూనె చూసి, "చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్లు నెలకి నాలుగు చెడతాయి, మీరు చూస్తారా?" అని అడిగేరు. బాబాయి చూసేరు. ఇరవయ్యేళ్ళ పైగా అవే చూసేరు. ఆ పనిలోనే పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ అన్నీ గడిచేయి. ఆ దూడ పెద్దదై మా ఇంట్లోనే ఈనింది. దాని నుదుట నేను ప్రతి శుక్రవారం బొట్టు పెట్టేదాన్ని. ఎందుకో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

కిందటి ఏడు కాశీ వెళ్దామని బాబాయే బయల్దేరదీసేరు. తాతయ్య లేరిప్పుడు. పిన్నీ, మా ఆయనా, నేనూ, బాబాయీ రాజమండ్రి విమానాశ్రయంలో నిచ్చెన ఎక్కుతున్నాం. నాకు జీవితంలో అదే మొదటిసారి. తలుపు దగ్గర ఎయిర్ హోస్టెస్ అమ్మాయి నమస్కారం పెడుతుంటే, నేను నమస్కారం పెట్టి, ఆ పెట్టిన చేతిని దించుతూ దించుతూ, తలుపు పక్కన విమానం తెల్లటి ఒంటిని బొటనవేలితో ఒకసారి నొక్కేను. ఎవరూ చూళ్ళేదనుకున్నాను. వెనకాల మెట్టు మీంచి బాబాయి గొంతు, గుసగుసగా: "ఏమ్మా, గట్టిగానే ఉందా?"

"ఆయ్, ఉంది బాబాయ్."

"గంజి కాదు కదా?"

అలా నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్తే, కిటికీ సీటు నాదని తేలింది. బాబాయి పక్క సీటు. పంతొమ్మిదేళ్ళ పిల్లొకతె ఓణీ సర్దుకుని నా ఒళ్ళో కూర్చున్నట్టే ఉంది. విమానం లేచి కాసేపటికి కింద గోదారి కనబడింది. అంతర్వేది ఏ వైపో నాకు తెలీలేదు గానీ, ఆ పిల్లకి ఒకటే చెప్పేను: చూడమ్మా, ఆలస్యమైతే అయింది, క్షేమంగా చూస్తున్నాం.