దారి అడిగే లోవెల్ మామ

మా మామగారు లోవెల్ హాస్కిన్స్‌కి దారి అడగడం ఒక జబ్బు. దారి తెలియక అడిగేవాళ్ళు లోకమంతా ఉన్నారు. ఈయన తెలిసి అడుగుతాడు. నీడిల్స్ నుంచి బార్‌స్టో దాకా ఎడారిలో సాగే పాత అరవై ఆరో నంబరు రోడ్డు మీద ఇరవై ఆరేళ్ళు పసుపు గీత గీసింది ఈయనే. ఏ గుంత ఏ ఏడాది పడిందో చెప్పగలడు. ఆ రోడ్డు మీద తప్పిపోవాలంటే చాలా కష్టపడాలి.

నా పెళ్ళిరోజున ఆయన పక్కన కూర్చునే యోగం నాకు పట్టింది. బార్‌స్టో చర్చిలో మూడు గంటలకు పెళ్ళి. పెళ్ళికూతురు నోరీన్ ముందురోజే అక్కడికి వెళ్ళింది. ఉదయం నీడిల్స్‌లో నా కారు మొరాయించింది. పదింటికి కాబోయే మామగారి ట్రక్కు ఎక్కాను.

"కొత్త హైవే మీద పోదామండీ, త్వరగా చేరతాం."

"అక్కడ దారి ఎవర్ని అడుగుతావు? ఒక్కడూ ఆగడు."

"అసలు అడగడం దేనికండీ?"

"తప్పిపోతేనో?"

గాఫ్స్‌లో కోళ్ళకు మేత వేస్తున్న ముసలాయన దగ్గర బండి ఆపాడు. "అయ్యా, బార్‌స్టోకి ఎటు పోవాలి?"

ఉన్న ఒకే ఒక్క రోడ్డు వైపు ముసలాయన చెయ్యి చాచాడు. "ఇలాగే పోండి. కుడికి మాత్రం తిరక్కండి."

"కుడికి ఏముంది?"

"కొండ."

"భలే చెప్పారు, బతికించారు!" అన్నాడు మామగారు.

ఎసెక్స్‌లో మూతపడ్డ పెట్రోలు బంకు ముందు ఇద్దరు అన్నదమ్ములు కూర్చుని ఉన్నారు. బార్‌స్టో నూట పది మైళ్ళని అన్న, నూట పన్నెండని తమ్ముడు. ఆ రెండు మైళ్ళ కోసం అరగంట పోట్లాడుకున్నారు. మామగారు ఇద్దరినీ ఎగదోశాడు. నా కోటు చెమటకు తడిసి వీపుకి అతుక్కుపోయింది.

ఆంబోయ్ దాటాక మళ్ళీ ఆపాడు. కొత్త హైవే పడ్డాక గిరాకీ లేక మూతపడిన భోజనశాల అది. దాని యజమానురాలు ఓపలమ్మ ఒక్కతే అందులో ఉంటోంది. టైము రెండు కావస్తోంది. ఇంకా డెబ్బై మైళ్ళు పోవాలి.

"బార్‌స్టోకా? కూర్చోండి. ఇది నోటితో చెప్పే దారి కాదు," అంటూ ఆవిడ కాగితం తీసింది. నిమ్మరసం ఇచ్చింది. కళ్ళజోడు తుడుచుకుంది. కాగితం మీద ఒక గీత గీసింది. బాగా ఆలోచించి దాన్ని ఇంకొంచెం పొడిగించింది.

నాకు ఓపిక చచ్చిపోయింది. "అమ్మా, ఈయనకి దారి తెలుసు! ఆ రోడ్డు మీద గీతలు గీసిందే ఈయన!"

మామగారి ముఖం ఎర్రబడింది. "ఇంజన్‌లో నీళ్ళున్నాయో లేదో చూసొస్తా," అని బయటికి పోయాడు.

ఓపలమ్మ నవ్వింది. "తెలుసు నాయనా. గీతలు గీసే రోజుల్లో ఇరవై ఏళ్ళు ఇక్కడే భోంచేశాడు. హైవే పడ్డాక ఈ గుమ్మం తొక్కేవాళ్ళు లేరు. జాలిపడి వచ్చాడని నేననుకుంటానేమోనని, దారి తప్పానంటూ వచ్చాడు. నేనూ ఎవరో కొత్తవాడికి చెప్పినట్టు దారి చెప్పాను. అప్పట్నుంచి ప్రతి నెలా తప్పుతూనే ఉన్నాడు. నాకు ఈ సంగతి తెలుసని చెప్పకు, సిగ్గుపడి రావడం మానేస్తాడు."

మామగారు తిరిగొచ్చి నా వంక అనుమానంగా చూశాడు. "ఏంటి కబుర్లు?"

"ఈ పటం నాకు ఎక్కడం లేదండీ," అన్నాను. "ఓపలమ్మగారు కూడా వచ్చి చూపిస్తే తప్ప మనం చేరేలా లేం."

ఆయన ఓపలమ్మ వైపు తిరిగాడు. "మా అల్లుడు కాస్త మందమతి. ఏమనుకోకుండా వస్తారా అమ్మా?"

టోపీ, పెదవులకు రంగు, చేతిసంచీ — ఆవిడ రెండు నిమిషాల్లో తయారైంది. మా ఇద్దరి మధ్యా కూర్చుని, మైలుకోసారి "తిన్నగా పోనీ" అంటూనే ఉంది. మామగారు ప్రతిసారీ "అలాగేనమ్మా" అన్నాడు.

నాలుగింటికి చర్చి చేరాం. మెట్ల మీద తెల్లగౌనులో నోరీన్.

"నన్ను క్షమించు..." అని మొదలెట్టాను.

"దేనికి? పెళ్ళి ఐదింటికి. నాన్నతో వస్తున్నావని నీకు మాత్రం మూడని చెప్పాను." ఆమె చూపు ట్రక్కు దిగుతున్న ఓపలమ్మ మీద పడింది. "ఈవిడెవరు?"

"దారి చూపించడానికి వచ్చారు," అన్నాడు మామగారు.

"ఎక్కడైనా తప్పిపోయారా?"

"నేనుండగానా!" అంది ఓపలమ్మ టోపీ సర్దుకుంటూ.