నీడిలు ఒక్కటే తేవద్దన్న బావ

మా బావ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నా నోట్లో ఇత్తడి ముక్క ఉంది. జీపు కార్బరేటర్‌లో వేసే నీడిలు, అది కూర్చునే సీటు. సీటు వెనక బొక్కకు నాలుక ఆనించి గాలి పీలుస్తున్నాను. నాలుక అతుక్కుంది. అతుక్కుందంటే ఆ రెండూ కుదిరినట్టు. అది బావ నేర్పిన పరీక్షే.

"మామా, బాపు పోయిండు" అంది మేనకోడలు.

నేను "ఊఁ" అన్నాను. నోట్లో ఆ ముక్క పెట్టుకొని ఇంకేం అనగలను? విన్నాననుకొని ఆమె ఫోన్ పెట్టేసింది. నేను ముక్కను తీసి, తుడిచి, కాగితంలో చుట్టి, జేబులో వేసుకున్నాను. అప్పుడు కూర్చున్నాను. 

ముందురోజు సాయంత్రమే మాట్లాడాడు. నేను మొయినాబాదులో, ఆయన చేవెళ్లలో.

"తెచ్చినవా బామ్మర్దీ?"

"తెచ్చిన."

"రెండూనా?"

"రెండూ తెచ్చిన బావా."

"పొద్దుగాల్నే రా. మీ అక్క రొట్టెలు చేస్తది. నువ్వు తెచ్చిన మాలు ఎట్లున్నదో జర చూస్త."

ఆ మాటలో వెక్కిరింత ఉంది. నేను ఒక్కణ్ణే పోయి సామాన్లు ఎంచి తేవడం అదే మొదటిసారి మరి. ఎప్పుడైనా ఎంచేది ఆయన, సంచి పట్టుకునేది నేను. ఈసారి మోకాళ్లు నొప్పులని నన్ను పంపాడు. ఆయన చూసి "సరే" అంటే చాలనుకున్నాను. ఆ "సరే" ఇక రాదు. రాదని తెలుసు. అయినా ఇది రాస్తూ కూడా చేవెళ్ల పోయి చూపించాలనే అనిపిస్తోంది.

నేను పోయేసరికి మంచం మీద పడుకోబెట్టారు. ముఖం కడుక్కొని, చెప్పులు వేసుకుంటూ ఒరిగిపోయాడట. ఒక కాలికి చెప్పు ఉంది. రెండోది మంచం కింద ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు, తొడగలేదు. నేనూ తీయలేదు.

చదివేవాళ్లకు ఆ జీపు సంగతి చెప్పాలి. అది రెండో ప్రపంచ యుద్ధం నాటిది. మిలిటరీవాళ్లు అమ్మేస్తే చేతులు మారి మారి బావ దగ్గరికి వచ్చింది. చేవెళ్ల నుంచి కూరగాయలు, మొయినాబాదు నుంచి మనుషులు, ఎవరికి రోగమొచ్చినా పట్నం దవాఖానకు, అన్నింటికీ అదే. చివరి ఏళ్లలో రేకుల కొట్టంలో తార్పాలిన్ కింద ఉండిపోయింది. ఈ ఏడు బావకు ఏం బుద్ధి పుట్టిందో, కోత పండుగకు అక్కను ఆ జీపులోనే చర్చికి తీసుకుపోతానన్నాడు. మా చర్చిలో కోత పండుగ నాడు ఎవరి తొలిపంట వాళ్లు మోసుకొచ్చి దేవుని ముందు పెడతారు. పూర్వం ఊరందరి జొన్నకంకులు, గుమ్మడికాయలు ఆ జీపులోనే వచ్చేవి. అక్క ముందు సీట్లో కూర్చునేది.

"నడుస్తదా?" అంది అక్క.

"నేను నడుస్తలేనా?" అన్నాడు బావ.

కార్బరేటర్ విప్పాడు. లోపల ఇత్తడి బుడ్డి ఒకటి ఉంటుంది, ఫ్లోటు. పెట్రోలు నిండితే అది పైకి తేలి నీడిలును సీటులోకి నెడుతుంది. దారి మూసుకుంటుంది. మూసుకోకపోతే పెట్రోలు పొంగి బండి ఆగిపోతుంది. ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూసేవాడు, లోపల చప్పుడైతే చిల్లి పడ్డట్టు. వేడినీళ్లలో ముంచి బుడగలు వస్తాయా అని చూసేవాడు. అతుకుల మధ్య వేసే అట్టముక్కల పాకింగును ఎండకు పట్టుకొని, సూదిమొనంత వెలుగు కనిపించినా పక్కన పడేసేవాడు. కార్బరేటర్ లోపలి పంపుకు వేసే తోలు వాషరును ఆముదంలో నానేసి, బొటనవేలితో నొక్కి, "ఇంకా నానాలె" అనేవాడు. రబ్బరుది తెస్తే చూసేవాడు కాదు. "కొత్తది గాదు, కుదిరేది కావాలె" అనేవాడు. ఇంకో మాట కూడా ఉంది. "పెట్రోలుకు మొహమాటం లేదు. సందు దొరికితే వస్తది."

ఈ మాటలన్నీ ఒక్క తప్పు నుంచి పుట్టాయి. ఆ తప్పు అరవై తొమ్మిదిలో జరిగింది.

తెలంగాణ కావాలని బందులు నడుస్తున్న రోజులు. బస్సులు ఆగిపోయాయి. అక్క తొలికాన్పుకు మొయినాబాదులో మా ఇంటికి వచ్చింది. మంత్రసాని కడుపు తడిమి, "బిడ్డ అడ్డమున్నది. నొప్పులు మొదలైతే ఇంట్ల పెట్టుకోకుండ్రి, పట్నం తీసుకపోండ్రి" అంది. బావ ముఖం తెల్లబోయింది. జీపు మా వాకిట్లోనే ఉంది. పొంగిపోయి పది గజాలు నడవడం లేదు. నీడిలు మొన అరిగిపోయింది.

ఇద్దరం సైకిళ్లెక్కి పట్నం పోయాం. సామాన్ల బజారంతా మూత. ఒక సేఠు సగం షట్టరు లేపి లోపల కూర్చున్నాడు. బావ వంగి దూరి, డబ్బాలో నీడిళ్లు ఒక్కొక్కటే తీసి, మొనను నాలుకతో తడిమి పక్కన పెడుతున్నాడు.

"అరె మియా, అది పిప్పర్మెంటా? మొత్తం డబ్బా ఎంగిలి చేసినవ్!"

"తియ్యగున్నది తీసుకుంట సేఠ్."

అంతలో బజారులో పోలీసుల విజిలు వినిపించింది. జనం ఉరికారు. సేఠు షట్టరు దించేశాడు. బావ చేతికందిన నీడిలుతో బయటపడ్డాడు. ఇంటికి వచ్చాక చూసుకుంటే సీటు తేలేదు. అక్క భయం, విజిలు భయం, రెండూ కలిసి మరిచాడు.

కొత్త నీడిలును పాత సీటులో వేశాడు. పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారింది. బావ నేల మీద కూలబడ్డాడు. అప్పుడే లోపలి నుంచి అక్క మూలుగు మొదలైంది.

మళ్లీ పట్నం పోయే టైము లేదు. బావ లేచి, ఇంట్లో పళ్లు తోమే పండ్లపొడి తెచ్చి, ఆముదంలో కలిపి, నీడిలు మొనకు పూసి, సీటులో పెట్టి, రెండూ అరిగి కుదిరేదాకా రెండు వేళ్ల మధ్య తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతాడు, తుడుస్తాడు, నాలుకకు పెట్టి చూస్తాడు. మళ్లీ తిప్పుతాడు.

"ఆ బండి సంగతేందో మీ బావనడుగు! బిడ్డ ఆగేటట్టు లేదు!" అని అక్క లోపల్నుంచి అరిచింది.

"బిడ్డను జర ఆగుమను, తల్లి మాట ఇంటది" అన్నాడు బావ.  వేళ్లు మాత్రం ఆగలేదు.

చివరికి నాలుక అతుక్కుంది. కార్బరేటర్ బిగించి, దాని కింద పేపరు ముక్క పెట్టాడు. ఇద్దరం వంగి చూస్తూ నిలబడ్డాం. చుక్క పడలేదు. అక్కను ఎక్కించాం.

లంగర్‌హౌస్ దాటకముందే రోడ్డుకు అడ్డంగా రాళ్లు. కాలేజీ పిల్లలు చుట్టుముట్టారు.

"అన్నా, ఇయ్యాల బంద్. తెల్వదా?"

"మాకు తెల్సు తమ్మీ" అన్నాడు బావ, వెనక్కి చేయి చూపించి. "లోపలున్నోళ్లకు తెల్వదు."

వాళ్లు అక్కను చూశారు. మాట్లాడకుండా రాళ్లు జరిపారు. ఒకడు సైకిలెక్కి ముందు పోయి, తర్వాతి రాళ్లు కూడా తీయించాడు. దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు. నాకు ఫోన్ చేసిన మేనకోడలు ఆ పిల్లే.

ఆనాటి నుంచి బావ నీడిలు ఒక్కటే ఎన్నడూ కొనలేదు. "నీడిలు ఒక్కటే తేవద్దు బామ్మర్దీ. దాని సీటుతోటే తేవాలె. వేరు చేస్తే మల్ల దోస్తానా చేపియ్యడానికి పానం పోతది." ఈమధ్య నేను పట్నం పోయేటప్పుడూ అదే మాట. నేను పోయిన దుకాణంలో కుర్రాడు రబ్బరు మొన ఉన్న కొత్త కిట్టు చూపించాడు. నేను తల అడ్డంగా ఊపి, మూలనున్న పాత డబ్బా చూపించాను. జతలు ఏరి నాలుకకు పెట్టుకుంటుంటే "తాతా, నోట్లె పెట్టకు! ఎవలెవలు పట్టిన్రో!" అని నవ్వాడు. నాకు సిగ్గేసింది. అయినా పెట్టాను.

మట్టి చేసి వచ్చాక చుట్టాలు వెళ్లిపోయారు. అక్క గోడకానుకొని కూర్చుంది. ఏడుపు కూడా రావడం లేదు ఆమెకు. ఎదురుగా కొట్టం వైపు చూస్తూ అంది.

"ఆదివారం కోత పండుగ."

"అవునక్కా."

"నడుస్తదారా అది?"

 ఇన్నేళ్లూ ఆ మాట చెప్పేది ఆయన. లేచి కొట్టంలోకి పోయాను. చాప మీద కార్బరేటర్ విప్పి ఉంది. కడిగి, వరసగా పేర్చి, పైన తన తువ్వాల కప్పి పెట్టాడు. ఫ్లోటు ఉంది. పాకింగులు కోసి ఉన్నాయి. చిన్న గిన్నెలో తోలు వాషరు ఆముదంలో ఇంకా నానుతోంది. బొటనవేలితో నొక్కాను. నానింది. నీడిలు, సీటు పెట్టాల్సిన చోటు ఒక్కటే ఖాళీగా ఉంది.

జేబులోని కాగితం విప్పాను. ఇంకోసారి నాలుకకు పెట్టుకున్నాను. ఇత్తడి రుచి రాగానే మేనకోడలి గొంతు మళ్లీ వినబడ్డట్టయింది. రెండూ వాటి చోట పెట్టి, కార్బరేటర్ బిగించాను. బావ చేసినట్టే పైన పెట్రోలు సీసా వేలాడదీసి, గొట్టం కలిపి, కింద పేపరు ముక్క పరిచాను. పెట్రోలు ఆరిపోయినా పేపరు మీద మరక పోదు. తెల్లారేదాకా ఉంచాలనేది ఆయన పద్ధతి.

పొద్దున నేను లేచేసరికే అక్క కొట్టంలో ఉంది. చాప పక్కన కూర్చొని, పేపరును బయటికి లాగి, చంటిపిల్ల గుడ్డ తడిసిందా అని చూసినట్టు అరచేయి తిప్పి ఆనించింది. ఈ మూలా, ఆ మూలా.

"పొడిగనే ఉన్నదిరా" అంది.

చేయి మాత్రం పేపరు మీదనే ఉంచింది.