బాపు ఇంపోజిషన్

ల్యాప్‌టాప్ పక్కన నోటుబుక్కు తెరిస్తే మా నాన్న, బాపే గుర్తొస్తాడు. గద్వాలలో జిన్నింగు మిల్లు నుంచి వచ్చి, తలలోని దూది దులుపుకోకుండానే నోటుబుక్కులో ప్రోగ్రాం రాసేవాడు. తెర మీద కోడిపిల్ల నడవాలని ఆయన కోరిక. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఆదివారం కంప్యూటర్ సెంటర్‌కు పోయి టైపు చేసేవాడు. కొట్టేసిన వరుసలే మళ్లీ రాస్తుంటే, బడిలో నాకిచ్చినట్టే ఆయనకూ ఎవరో ఇంపోజిషన్ ఇచ్చారనుకున్నాను. జాలేసి ఓ సాయంత్రం, ఆయన చివరి వరుసనే రెండు పేజీల నిండా రాసిపెట్టాను.

"గీ ఇంపోజిషన్ నీకెవరిచ్చిండ్రు బాపూ?" అన్నాను.

బాపు ఆ పేజీలు తిప్పి చూశాడు. "ఎవ్వరియ్యలే బిడ్డా. నాకు నేనే ఇచ్చుకున్న."

ఇప్పుడు ఆఫీసు పని అయ్యాక, మండే కళ్లతో నా సొంత ప్రోగ్రాం తెరుస్తాను. రోజంతటిలో ఎవరూ చెప్పకుండా బాపు చేసుకున్న పని ఆ నోటుబుక్కు రాతొక్కటేనని అప్పుడు తెలుస్తుంది. ఆ కోడిపిల్ల చివరికి నడిచిందా అని నేనెన్నడూ అడగలేదు.