కరెంటు పొయ్యి తీగ

మా అన్నయ్యది పోర్టులో ఓడల్లోంచి బస్తాలు దించే చెయ్యి. ఆ చేత్తోనే అమ్మని కొట్టేవాడు, నన్ను కొట్టేవాడు. మేం దొరక్కపోతే గిన్నెల్ని గోడకేసి కొట్టేవాడు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మాత్రం అవే చేతులు జోడించి కూర్చునేవాడు. మా ఇంట్లో ప్రార్థన కాకుండా అన్నం పెట్టరు. ఆ రోజు జరిగిన ఒక మేలు చెప్పి ఒక్కొక్కరం స్తోత్రం చెల్లించాలి. పెదవి చిట్లి ఉన్న రోజున కూడా ఏదో ఒక మేలు వెతుక్కుని చెప్పేదాన్ని. నిజంగానే దొరికేది.

చిన్నప్పుడు జ్వరమొచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. బడికి పంపలేదు. కంచరపాలెంలో మా ఇంటి వరండాయే నాన్నగారి రేడియో రిపేరు షాపు. ఆ బల్ల పక్కనే కూర్చోబెట్టి బైబిలులో అక్షరాలు దిద్దించారు, తర్వాత సర్క్యూట్లు గీయించారు. కొత్తగా కట్టిన దేనికైనా మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకునేవారు. రెండు చేతులూ పెడితే షాకు గుండెలోంచి పోతుందని. "ప్రభువా, నీ చిత్తం" అనుకుని కుడిచేత్తో వేసేవారు. నాకూ అదే అలవాటైంది.

నాన్నగారు పోయాక ఆ బల్లే నా బతుకైంది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరి అవతల నేల చదును చేస్తున్న రోజులవి. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి పడుతున్నారు. వరండా ఖాళీ చేయిస్తే సైకిల్ షాపు వాడికి అద్దెకివ్వొచ్చని అన్నయ్య పట్టుబట్టాడు. సరిగ్గా అప్పుడే వన్‌టౌన్‌లో రేడియోలమ్మే సాయిబు గారు, నాన్నగారి స్నేహితుడు, మంచి మాటొకటి చెప్పారు. చిన్న ట్రాన్సిస్టర్ దగ్గర్నుంచి కారు రేడియో దాకా రిపేరుకొచ్చిన సెట్లన్నీ నాకే పంపుతారట. అయితే ఎవరి సెట్టూ నా బల్ల మీద కాలిపోకూడదు. నేను పెట్టే కరెంటు ఎలాంటిదో ముందు తన కళ్లతో చూడాలన్నారు.

ఒక్కో సెట్టుకి ఒక్కో వోల్టేజి కావాలి. అందుకని బ్యాటరీల బదులు ఇంటి కరెంటుతో సెట్టుని నడిపే ఎలిమినేటర్ కట్టాను, నాబ్ తిప్పితే మూడు నుంచి పన్నెండు వోల్టుల దాకా మారేది. పాత ఓడ సామాన్లలో దొరికిన ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్, కరెంటుని అదుపు చేసే పెద్ద ట్రాన్సిస్టర్. చక్కగా పనిచేసింది. దాని ముందు కూర్చుని స్తోత్రం చెప్పుకుంటుండగా అన్నయ్య వచ్చాడు.

"ఏటే, వరండా కాళీ సెయ్యమన్నానా నేదా?"

సాయిబు గారి సంగతి చెప్పబోయాను. వాడు ఎలిమినేటర్ నుంచి బయటికొచ్చే రెండు తీగల్నీ లాక్కుని ఒకదానికొకటి ఆనించి రుద్దాడు. చిటుక్కుమని ఒక్క నిప్పురవ్వ. లోపల పెద్ద ట్రాన్సిస్టర్ చచ్చిపోయింది. నా మొహం చూసి వాడికి అర్థమైంది, నవ్వాడు. "ఇంతేనేటి దీని పేనం?" అని ఆ తీగలతోనే నా ముంజేతుల మీద వాతలు తేలేదాకా కొట్టాడు. అమ్మ అడ్డమొస్తే ఆవిడ్ని తోశాడు. గడప తగిలి ఆవిడ చెయ్యి బెణికింది.

వాచిన చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ అదే ఆలోచించాను. ఆ చేతిని నేను ఆపలేను. మళ్లీ ఇలాగే రుద్దుతాడు. ఎంత మొరటుగా లాగినా ఒక హద్దు దాటి ఇవ్వని ఎలిమినేటర్ కట్టాలి. కరెంటు వెళ్లే దారిలో చిన్న అడ్డుగా ఒక రెసిస్టర్ పెడితే, కరెంటు మితిమీరగానే అక్కడ అర వోల్టు పైన పుడుతుంది. దాంతో ఒక చిన్న ట్రాన్సిస్టర్ మేలుకుని పెద్దదాని గొంతు నొక్కుతుంది. కాగితం మీద కుదిరింది. అంత చిన్న రెసిస్టరే ఎక్కడా దొరకలేదు. అన్నయ్య ఒకసారి కాలితో తన్ని పగలగొట్టిన కరెంటు పొయ్యి అటక మీద ఉంది. దాని తీగ ముక్క తీశాను. దానికి టంకం అంటదు. రెండు మరమేకుల కింద బిగించి, మీటరు చూసుకుంటూ కొంచెం కొంచెం కత్తిరించాను. చచ్చిన ట్రాన్సిస్టర్ స్థానంలో కొత్తది పెట్టి, కరెంటు పక్కకి పాకకుండా పాత ఇస్త్రీపెట్టెలోని అభ్రకం రేకు దాని కింద పరిచాను. ఆ పొయ్యిని తన్నినందుకు కూడా దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

సాయిబు గారు వచ్చేసరికి అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని స్విచ్ వేశాను. చిన్న సెట్టు పాడింది, నాబ్ తిప్పి తగిలిస్తే కారు సెట్టూ పాడింది. సాయిబు గారు తల ఊపుతుండగా అన్నయ్య బల్ల మీది కటింగ్ ప్లేయరు అందుకున్నాడు.

"సాయిబూ, ఇది నీ సెట్లని ఎలా కాల్చీగల్దో నాను సూపిత్తాను."

ప్లేయరుని రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పెట్టి నొక్కాడు. కారు సెట్టు మూగబోయింది. మీటరు ముల్లు సున్నాకి పడిపోయింది. నా చెయ్యి ఒళ్లోనే ఉంది. ట్రాన్సిస్టర్ బిగించిన అల్యూమినియం రేకు వేడెక్కి వాసన వస్తోంది. వాడు ఇంకా గట్టిగా నొక్కాడు, మెడనరాలు తేలాయి. ఏమీ పేలలేదు, చిటుక్కుమనలేదు. చెయ్యి నొప్పెట్టి తీశాక ముల్లు లేచి పన్నెండు మీద నిలబడింది. కారు సెట్టు పాట మధ్యలోంచి అందుకుంది.

వాడు ప్లేయరుని నా మొహం మీదికి విసిరాడు. కనుబొమ మీద తెగి రక్తం కంట్లోకి కారింది. రెండోసారి చెయ్యెత్తేసరికి సాయిబు గారు ఆ మణికట్టు పట్టుకున్నారు. ముసలాయన, అయినా వదల్లేదు.

"రేపట్నించి నా సెట్లు ఈ బల్ల మీదికే వస్తాయి. బల్లకేదైనా అయితే నాకు జవాబు చెప్పాల నువ్వు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "అది కడుక్కో బేటీ" అన్నారు.

ఆ సాయంత్రం ప్రార్థనలో నుదుటికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు పొయ్యి తీగకి, అభ్రకం రేకుకి, సాయిబు గారి చేతికి స్తోత్రం చెప్పాను. అన్నయ్య తన వంతు వచ్చినా సాయిబు గారు పట్టుకున్న మణికట్టునే తడుముకుంటూ కూర్చున్నాడు.

వాడు మమ్మల్ని కొట్టడం ఆ రోజుతో ఆగిపోలేదు. బల్ల జోలికి మాత్రం మళ్లీ రాలేదు. మర్నాడు పొద్దున్నే సెట్లు వేసుకుని సాయిబు గారి రిక్షా మా గుమ్మంలో ఆగింది. సైకిల్ షాపు వాడు ఇంకోచోటు చూసుకున్నాడు. కనుబొమ తెగిన వైపు కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కంటితో మొదటి సెట్టు విప్పాను.